నీండకర రేవులో పొట్టి మలుగు

కొల్లం ఊరు దాటి ఉత్తరంగా జాతీయ రహదారి పట్టుకుంటే కాసేపటికి నీండకర వంతెన వస్తుంది. ఎడమ పక్క అరేబియా సముద్రం, కుడి పక్క అష్టముడి సరస్సు. రెండూ కలిసే ఇరుకు మొగ మీద వంతెన. దక్షిణపు ఒడ్డు శక్తికులంగర, ఉత్తరపు ఒడ్డు నీండకర. పేర్లు రెండే గానీ రేవు ఒకటే అనుకోవచ్చు. జూన్ 9 అర్ధరాత్రి నుంచి జూలై 31 దాకా, మొత్తం 52 రోజులు, కేరళలో ట్రాలింగ్ నిషేధం. ఆ రాత్రి వంతెన స్తంభాల మధ్య అడ్డంగా గొలుసు కట్టేస్తారు. లోపలున్న బోట్లు లోపలే.

నేను వెళ్ళింది గొలుసు లేని జనవరిలో. గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బోగీ నిండా నల్లబట్టల స్వాములు, ఇరుముళ్ళు, అరటిపళ్ళ వాసన. చెంగన్నూరులో అందరూ దిగే హడావిడిలో ఉండగా ఒక పెద్దాయన, "మీరు దిగరా స్వామీ?" అని అడిగారు. కొల్లం పోతున్నానని, అక్కడి రేవులో చేపలు చూడాలని చెప్పాను. మాలలో ఉన్న మనిషి దగ్గర ఎత్తాల్సిన మాట కాదేమో, "స్వామియే శరణం" అనుకుంటూ గబగబా దిగిపోయారు.

చేపలంటే అన్నీ కాదు. నాకు కావలసింది లోతు సముద్రపు మలుగులు. గోదావరి జిల్లాల వాళ్ళకి మలుగుపాము కొత్తేమీ కాదు, కాలవల్లో, లంకల చుట్టూ చూసినవాళ్ళున్నారు. బొమ్మిడాయిల సంగతి సరేసరి, వాటి పులుసు గురించి మాట్లాడటం మొదలుపెడితే ఈ వ్యాసం ఇక ముందుకు సాగదు. అయితే పాములా పొడుగ్గా ఉన్న ప్రతిదీ మలుగు కాదు. బొమ్మిడాయి అసలు ఆ క్రమానికే చెందదు, దాని చుట్టాలు వేరు. కరెంటు షాకు కొట్టే దక్షిణ అమెరికా 'ఎలక్ట్రిక్ ఈల్' కూడా అంతే, పేరులోనే ఈల్. అసలు మలుగుల క్రమం ఆంగ్విలిఫార్మిస్. దాదాపు వెయ్యి జాతులు. పొట్ట కింది రెక్కల జత ఉండదు. వీపు మీది రెక్క, తోక రెక్క, అడుగు రెక్క ఒకదానితో ఒకటి కలిసి ఒకే అంచులా చుట్టూ తిరుగుతాయి. పై దవడ ముందు ఎముక, అంగిట ఎముక, ముక్కు దగ్గరి ఎముక కలిసి ఒక్క ముక్కైపోతాయి. గుడ్డులోంచి వచ్చే పిల్ల అద్దంలా పారదర్శకంగా, ఆకులా పలచగా ఉంటుంది. ఆ పిల్లకి లెప్టోసెఫాలస్ అని పేరు. ఈ చివరి గుర్తు మలుగులకే కాదు, వాటి దగ్గరి చుట్టాలకీ ఉంటుంది. ఆ గుర్తు ఎన్ని తిప్పలు తెచ్చిందో తర్వాత చెబుతాను.

కొల్లమే ఎందుకంటే, ఈ రేవు బోట్లు లోతుకి పోతాయి. ఇక్కడి యాంత్రిక చేపల వేటకి నాంది నార్వే వాళ్ళు. 1952లో భారత్, నార్వే, ఐక్యరాజ్య సమితి కలిసి ఒప్పందం చేసుకుని, మరుసటి ఏడు నీండకర, శక్తికులంగర పల్లెల్లో పని మొదలెట్టారు. మోటారు బోట్లు, మంచు, శీతల గిడ్డంగులు అప్పుడొచ్చాయి. తీరపు రొయ్య తగ్గుతూ వచ్చాక, 1999 చివర్లో బోట్లు క్విలాన్ బ్యాంక్ అనే లోతు మైదానం మీదికి వలలు దించడం మొదలుపెట్టాయి. 200 మీటర్ల నుంచి 500 మీటర్ల దాకా లోతు. అక్కడ ఎండ వెలుగు ఉండదనే చెప్పాలి. రొయ్యలు మాత్రం ఎర్రగా, ఉడకబెట్టకముందే ఉడకబెట్టినట్టుంటాయి. ఎర్ర రంగు కాంతి అంత లోతుకి చేరదు గనక అక్కడ ఎరుపంటే నలుపే. వెలుగులోకి తెచ్చి చూసే మనకే ఆ సింగారం.

తెల్లవారకముందే వేలం మొదలైపోయింది. మలయాళంలో పాడే ధరలు నాకు అందడం లేదు గానీ, గొంతు పెరిగినప్పుడు రేటు పెరిగిందని, వేలంపాటగాడు తల తిప్పుకున్నప్పుడు సరుకు పోయిందని తెలుస్తోంది. ట్రేల నిండా ఎర్ర రొయ్య. ఇక్కడి వ్యాపారులు 'రెడ్ రింగ్' అనేదాని శాస్త్రీయ నామం అరిస్టియస్ ఆల్కాకీ. పక్క ట్రేలో హెటెరోకార్పస్ వుడ్‌మాసోనీ. ఇంకోదాంట్లో సొలెనోసెరా హెక్స్టీ. ఆల్కాక్, వుడ్-మాసన్, హెక్స్ట్. మొదటి ఇద్దరూ కలకత్తా ఇండియన్ మ్యూజియం సూపరింటెండెంట్లు, మూడోవాడు నౌకాధికారి. నూట ముప్ఫై ఏళ్ళ కిందట ఈ సముద్రాల అడుగు తవ్వించిన బృందం పేర్లు, ఇవాళ కిలోల లెక్కన అమ్ముడుపోతున్నాయి. కొనేవాళ్ళకి ఆ గొడవ అక్కర్లేదు, అక్కర ఉండాలని కూడా నేను అనను.

రొయ్య ఏరుకున్నాక మిగిలిన కుప్ప ట్రాష్. కోళ్ళ మేతకీ, చేపల పొడికీ పోతుంది. నాకు కావలసినవి అందులోనే ఉన్నాయి. గొంతుక్కూర్చుని కర్రపుల్లతో కెలుకుతుంటే వెనకనించి ఒక గొంతు.

"ఏటి బాబూ, ఆ సెత్తలో ఏటెతుకుతన్నారు?"

తలెత్తితే గళ్ళ లుంగీ, రబ్బరు బూట్లు, చేతిలో పార. సంతబొమ్మాళి దగ్గరి పల్లెట. ఆ తీరంవాళ్ళు గుజరాత్ వేరావల్‌కి వలస పోవడం అందరికీ తెలిసిందే. ఆయన కూడా అక్కడ చేసి, ఇప్పుడిటొచ్చాడు.

"మలుగులన్నా. లోతులో దొరికేవి."

"పాము సేపలా? వత్తాయి బాబూ, లోతుకెల్తే అన్నీ వత్తాయి. ఎవుడు తింతాడీటిని? సరంగు సూత్తే తన్నీమంటాడు." అన్నాడే గానీ, పారతో కుప్పని నా వైపు నెట్టి, పొడుగ్గా ఉన్నవాటిని కొసతో వేరుచేసి పెట్టాడు. నా పుల్లకన్నా ఆయన పార చురుకు.

ఎక్కువ వచ్చింది గావియాలిసెప్స్ టీనియోలా. రిబ్బనులా పల్చని ఒళ్ళు, పొడుగాటి మూతి, సూది పళ్ళు. నిజానికి ఇది కూడా ఆల్కాక్ కాలపుదే, 1889లో పేరు పెట్టారు. కొన్నేళ్ళు బాతుముక్కు మలుగుల కుటుంబంలో ఉంచి, తర్వాత తీసి, మన మార్కెట్లలో పెద్ద ముళ్ళ పాము చేపగా తెలిసిన మురీనసాక్స్ కుటుంబంలో వేశారు. మూతి చూస్తే మొదటి ఇల్లే నిజమనిపిస్తుంది. మూతిని నమ్మకూడదని వర్గీకరణ చేసేవాళ్ళు ముందుగా నేర్చుకునేది ఇలాంటివాటి దగ్గరే.

అప్పుడు కుప్ప అడుగునుంచి ఒక పొట్టిది బయటపడింది. మొదట అది మలుగని తోచదు. ఒళ్ళు మట్టిరంగు, మందంగా, పక్కలు కొంచెం నొక్కుకుపోయి ఉంది. తల పెద్దది, మూతి మొద్దు, కళ్ళు గుండ్రంగా పెద్దవి. చుట్టలు చుట్టుకునే లక్షణమే లేదు, పట్టుకుంటే చేతిలో కర్రపెండలం దుంపలా బిర్రుగా నిలిచింది.

"ఇదా? ఇది కప్పతల ఈల్ బాపతు. రోజూ రాదు, సార్" అంది పక్కనుంచి ఒకమ్మాయి. మత్స్యశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. వారానికోసారి ఈ రేవుకి వచ్చి ట్రాష్ కుప్పలు వెతకడమే ఆమె పని. చేతిలో స్టీలు ట్రే, మూత బిగించిన సీసాలు, ప్లాస్టిక్ స్కేలు. నా కెలుకుడు అప్పటిదాకా ఓపిగ్గా గమనించినట్టుంది. కోలోకాంగర్ ప్రజాతి అని చెప్పి, "జాతి ఇక్కడ చెప్పను" అని ముందే హద్దు గీసింది. ఆ హద్దు నాకు నచ్చింది.

రేవు గోడ పక్కన పంపు దగ్గర కూర్చుని ఆమె పని చేస్తుంటే చూశాను. ముందు నీళ్ళతో జిగురు కడిగింది. పొలుసు లేని చర్మం. వేలు పెడితే జారుతుంది. స్కేలు ఆనించి మొదట కొలిచింది తోక కాదు, మలద్వారం ఎక్కడుందో. మామూలు మలుగుల్లో అది ఒంటి సగానికి ముందో, సగం దగ్గరో ఉండి, తోకే పొడుగ్గా సాగుతుంది. దీనికి సగం దాటాక ఉంది. అంటే తోక మొండెం కన్నా పొట్టి. మొత్తం మలుగుల్లో ఇంత పొట్టి, లావు ఒళ్ళున్నవి ఇవేనని పుస్తకాలు చెబుతాయి. తలకి రెండు పక్కలా ఛాతీ రెక్కలు చక్కగా పెరిగి ఉన్నాయి. లోతు మలుగులు చాలావాటికి ఇవి కుదించుకుపోవడమో, అసలు లేకపోవడమో కద్దు. వీపు రెక్క ఆ ఛాతీ రెక్కల పైనుంచే మొదలైంది.

తర్వాత శ్రావణంతో నోరు తెరిచింది. దవడల అంచున చిన్న చిన్న పళ్ళు వరసగా ఉన్నాయి. సూది మొనని అంగిట మధ్యగా, మూతి నుంచి లోపలికి మెల్లిగా లాగింది. ఎక్కడా తగల్లేదు.

"వినబడిందా?" అంది.

"ఏమీ వినబడలేదు."

"అదే. కాంగర్ ఈల్ అయితే ఇక్కడ గరగరమంటుంది. వీటికి అంగిట పళ్ళు ఉండవు."

నన్నూ లాగి చూడమంది. పక్క కుప్పలోని ఒక కాంగర్ నోట్లో అదే సూది పెట్టి చూపించింది. మొన ఆకురాయి మీద పడ్డట్టు ఆగి ఆగి కదిలింది. ఒకే చోట తేడా, అదీ నోరు మూస్తే కనబడని చోట. రెండు కుటుంబాల మధ్య గోడ అక్కడుంది.

ఇక పార్శ్వరేఖ. ఒంటి పక్కగా తల నుంచి తోక దాకా సాగే రంధ్రాల వరస; నీటి కదలికని చేప పసిగట్టేది దీంతోనే. కోలోకాంగర్‌లో ఆ రంధ్రాలు చాలావరకు చర్మం మీదికి పొడుచుకొచ్చిన పొట్టి గొట్టాల కొసన ఉంటాయి. భూతద్దం కింద చూస్తే సన్నగా మొలకెత్తినట్టున్నాయి. వాటిని లెక్కపెట్టాలి. తల దగ్గర మొదలుపెట్టి మలద్వారం దాకా ఎన్ని, అక్కణ్ణించి ఎన్ని. మధ్యలో ఐస్ లోడు ఆటో హారన్ కొట్టింది. ఆమె లెక్క తప్పింది. మళ్ళీ మొదటికి. నేను మాట్లాడటం మానేశాను.

జాతి తేల్చేది ఈ రంధ్రాల లెక్క, ఎక్స్‌రే తీసి లెక్కపెట్టే వెన్నుపూసలు, తలకీ ఒంటికీ మధ్య నిష్పత్తులు. వెన్నుపూసలు ఈ ప్రజాతిలో 142 నుంచి 163 దాకా ఉంటాయి. ఇంత పొట్టి ఒంట్లో అన్ని పూసలా అనిపిస్తుంది గానీ, మలుగు మలుగే, దాని లెక్కలు దానివి. ప్రజాతిలో జాతులు పది లోపే. పశ్చిమ ఆఫ్రికా తీరానిది ఒకటి, పశ్చిమ అట్లాంటిక్‌ది ఒకటి, జపాన్ దగ్గరిది ఒకటి, ఇలా. హిందూ మహాసముద్రంలో, పశ్చిమ పసిఫిక్‌లో విస్తరించి ఉన్నది కోలోకాంగర్ రానిసెప్స్. 300 మీటర్ల నుంచి 1100 మీటర్లు దాటిన లోతుల దాకా దొరికింది. ప్రజాతి మొత్తానికి మూలమైన జాతి అదే, దాన్ని లోకానికి చెప్పింది ఆల్ఫ్రెడ్ విలియం ఆల్కాక్, 1889లో.

ఆల్కాక్ గురించి కొంచెం చెప్పాలి. సైనిక వైద్యుడు. 1888 నుంచి 1892 దాకా 'ఇన్వెస్టిగేటర్' ఓడ మీద వైద్యుడూ ప్రకృతి శాస్త్రజ్ఞుడూ రెండూ తనే. ఇన్వెస్టిగేటర్ బొంబాయి డాక్‌యార్డులో కట్టిన చక్రాల ఆవిరి ఓడ. దాని అసలు పని తీరాల పటాలు గీయడం, ఓడలకి లోతులు కొలవడం. జీవుల కోసం వల దించడం ఆ పని మధ్యలో సందు దొరికితేనే. అలా సందు చూసుకుని గంజాం తీరం ఎదుట, అండమాన్ల దగ్గర, మలబారు ఎదుట, లక్షదీవుల దగ్గర అడుగు గీరించారు. 1899లో ఇండియన్ మ్యూజియంలోని లోతు సముద్రపు చేపలన్నిటికీ ఆల్కాక్ వివరణ పట్టిక వేశాడు. 1902లో 'ఎ నేచురలిస్ట్ ఇన్ ఇండియన్ సీస్' అనే పుస్తకం వచ్చింది. కొల్లంలో తంగశ్శేరి దీపస్తంభం కట్టింది కూడా ఆ ఏడే. రెండూ ఒకే పని చేశాయని అనబోయి ఆగిపోతున్నాను, అది మరీ సులువైన మాట.

ఆల్కాక్ ఈ పొట్టి మలుగుని కొత్త ప్రజాతిగా గుర్తించాడు గానీ, కుటుంబం విషయంలో ఆ కాలపు పద్ధతే. లండన్‌లో గుంథర్ వేసిన పట్టిక ప్రకారం అప్పుడు మలుగులన్నీ ఒకే పెద్ద కుటుంబం. తర్వాత వచ్చినవాళ్ళు దాన్ని విడగొడుతూ పోయారు. చివరికి వీటికి కోలోకాంగ్రిడే అనే సొంత ఇల్లు దొరికింది. ఇంట్లో ఉన్నది ఒక్క ప్రజాతే. ఇరుగుపొరుగు ఎవరన్నది ఇంకా వాదం.

వాదం ముదరడానికి పిల్లలూ ఓ కారణం. లెప్టోసెఫాలస్ పిల్లలు పెద్ద చేపలకి ఏ పోలికా లేకుండా ఉండటంతో, వందేళ్ళకి పైగా వాటిని వేరే చేపలనుకుని పేర్లు పెట్టారు. 1890లలో ఇటలీ వాళ్ళు గ్రాస్సీ, కాలాండ్రుచ్చో ఇద్దరూ మెస్సీనా దగ్గర ఒక పిల్ల మామూలు యూరప్ మలుగుగా మారడం చూశాక గానీ ముడి విడలేదు. విడిందనుకున్నా, లోతు జాతుల పిల్లలకి తల్లిదండ్రుల్ని వెతకడం అలాగే మిగిలింది. కోలోకాంగర్ జాబితాలో ఉన్న పేర్లలోనూ కొన్ని పెద్ద చేపని చూసి పెట్టినవి కావు, పిల్లని చూసి పెట్టినవి. డెన్మార్క్ ఓడ 'డానా' 1930లో దక్షిణాఫ్రికా దగ్గర ఆరడుగుల లెప్టోసెఫాలస్‌ని పట్టింది. పిల్లే ఇంతుంటే తల్లి ఎంతుండాలి? సముద్ర సర్పం దొరికేసినట్టే అనుకున్నారు. 1970లో డేవిడ్ స్మిత్ అలాంటి రాక్షస పిల్లలు మలుగులవి కావనీ, నోటకాంతస్ అనే దగ్గరి చుట్టానివనీ తేల్చాడు. వాటిలో రూపం మారాక ఒళ్ళు పెరగదు, పైపెచ్చు కుంచించుకుపోతుంది. నాకు ఈ కథలో బాగా నచ్చేది సర్పం పోవడం. ఉన్నట్టైతే ఇంకో సర్పం, అంతే.

ఈ మధ్య జన్యువులు చదవడం వచ్చాక ఇంకో తమాషా బయటపడింది. 2010లో జపాన్ బృందం ఒకటి మలుగుల మైటోకాండ్రియా జన్యువులు పూర్తిగా చదివి వంశవృక్షం గీసింది. మంచినీటి మలుగులు, అంటే మన గోదావరిలోకి ఎదురీదే ఆంగ్విల్లా బెంగాలెన్సిస్ లాంటివి, తీరపు మలుగుల పక్కన కాక, నడిసముద్రపు చీకట్లో ఈదే గుటక మలుగు, సన్నముక్కు మలుగుల మధ్య వెళ్ళి కూర్చున్నాయి. పుట్టింది లోతులో, తిండికి నదికి వలస, గుడ్లకి మళ్ళీ లోతుకి. ఏటి ఒడ్డున బురదలో దొరికేదాని మేనమామ వెయ్యి మీటర్ల కింద ఉన్నాడన్నమాట. ఆనకట్టలకి చేపల మెట్లు కట్టేటప్పుడు ఈ చుట్టరికం ఇంజనీర్లకి ఎవరైనా చెబితే బాగుండు.

ఈలోగా ఆమె ఒంటి పక్కనుంచి చిన్న కండ ముక్క కోసి ఆల్కహాల్ గొట్టంలో వేసింది. అది జన్యువులకి. చేపని గుడ్డలో చుట్టి, ఫార్మాలిన్ డబ్బాలోకి పంపే ముందు చీటీ రాయాలి. తేదీ రాసింది. రేవు పేరు రాసింది. బోటు నంబరు రాసింది. తర్వాతి గడి లోతు, ఆ తర్వాతిది వల దించిన చోటు. అక్కడ కలం ఆగింది.

"ఇన్వెస్టిగేటర్ వాళ్ళకి ఈ బాధ లేదు, సార్. వల దించిన ప్రతి చోటుకీ స్టేషన్ నంబరు, అక్షాంశం, రేఖాంశం, ఫాదమ్‌లలో లోతు. నూట ముప్ఫై ఏళ్ళ నాటి చేప ఎక్కడ దొరికిందో నాకు తెలుసు. ఇవాళ పొద్దున్న వచ్చింది ఎక్కడిదో తెలీదు."

బోటులో ఎకో సౌండర్ ఉంది, జీపీఎస్ ఉంది. చోటు తెలియని బోటు లేదు, చెప్పే సరంగే లేడు. రొయ్య దొరికిన చోటు చెబితే రేపు పది బోట్లు అక్కడుంటాయి. అది అత్యాశ కాదు, డీజిల్ లెక్క.

సంతబొమ్మాళి ఆయన్ని పంపాం. సరంగు కన్యాకుమారి జిల్లా మనిషి, వీల్‌హౌస్ గుమ్మంలో కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నాడు. ఇద్దరూ తమిళంలో ఏదో అనుకున్నారు. సరంగు మా వైపు చూసి, ట్రేలోని పొట్టి మలుగు వైపు చూసి, నవ్వి, ఒక మాటన్నాడు.

ఆయన తిరిగొచ్చాడు. "ఇన్నూటేబై మీటర్లంటన్నాడు బాబూ."

"నిజమేనా?"

"మొన్న ఇంకో మేడమొత్తే నాలుగొందలన్నాడు. వలకి ఎంత తాడు ఒగ్గేమో నాకు తెల్దేటి." పారకి చేతులు ఆనించి కాసేపు ఆలోచించాడు. "నాను సెప్పీగల్ను. మరి నాకు మల్లీ బోటెక్కాలి గదా."

ఆమె లోతు గడిలో గీత గీసి, చోటు గడిలో 'కొల్లం ఎదుట, సరంగు చెప్పలేదు' అని రాసుకుంది.

"మ్యూజియం వాళ్ళు ఊరుకుంటారా?" అన్నాను.

"తిడతారు. 250 అని రాస్తే తిట్టరు. మరి ఈ చేప అంత పైన దొరుకుతుందని ఇంకో ఇరవై ఏళ్ళు అందరూ రాసుకుంటారు."